నాయన తలుపు వేసిన చోట

సభ అయిపోయింది. అద్దెకు తెచ్చిన కుర్చీలు ఆటోలోకి ఎక్కిస్తున్నారు. అక్క నా పక్కకొచ్చి నిలబడింది. ఎవరో ఇచ్చిన నీళ్ల సీసా ఇంకా ఆమె చేతిలోనే ఉంది, మూత కూడా తియ్యలేదు. "బాగా మాట్లాడినావులే," అంది. ఆపైన, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు, "ఎవురి గురించి మాట్లాడినావే?" అంది.

అది ఎత్తిపొడుపు అయివుంటే నాకు బాధ లేదు. ఎత్తిపొడుపులకు జవాబు చెప్పడమే నేను బతుకంతా చేసిన పని. జ్యోతిష్కులతో, బాబాల శిష్యులతో, అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని బోరుకు నీళ్లు చూపించే పెద్దమనుషులతో మైకు ముందు తగువుపడినదాన్ని. మాట కోసం తడుముకున్న రోజు నాకు గుర్తులేదు. కానీ అక్క ఎత్తిపొడవలేదు. తన మొగుడి సంస్మరణ సభలో, తన తోడబుట్టిన చెల్లెలు అంతసేపు మాట్లాడిన మాటల్లో, ఆమె మొగుడు ఆమెకు ఎక్కడా కనబడలేదు. ఆ సంగతే అడిగింది. నేను కుర్చీలు లెక్క సరిపోయాయా అని ఆటో అతన్ని అడగడానికి పోయాను.

మా బావ పేరు ఓబులేసు. కుందుర్పి బస్టాండుకు కాస్త ఇవతల ఆయనకు మోటార్లు బాగుచేసే కొట్టు ఉండేది. కాలిపోయిన మోటారు విప్పి, లోపలి తీగంతా ఊడబెరికి, కొత్త రాగి తీగ చుట్టి ఇచ్చేవాడు. మా దిక్కు వానలు ఎగ్గొట్టే కొద్దీ బోర్లు లోతుకు పోతాయి, బోర్లు లోతుకు పోయే కొద్దీ మోటార్లు కాలతాయి. అందుకని కరువు ముదిరిన ఏడు ఆయనకు తినడానికి కూడా తీరిక ఉండేది కాదు. ఆ పొద్దు ఎవరిదో తోటలో బోరులోంచి మోటారు పైకి లాగిస్తూ, ఛాతీ పట్టుకుని గట్టు మీద కూర్చున్నాడట. కారులో పడుకోబెట్టి అనంతపురం తెస్తున్నామని ఫోను చేశారు. అక్కడే ఉంటున్న నేను ఆస్పత్రి గేటు దగ్గర నిలబడి, ప్రతి కారులోకీ తొంగి చూస్తూ ఉన్నాను. కారు రాలేదు. వెనక్కి తిప్పేశామని ఇంకొక ఫోను వచ్చింది.

అప్పటి నుంచి నా ఫోనులోకి సందేశాలు పడుతూనే ఉన్నాయి. హార్ట్‌ఫెల్ట్ కండోలెన్సెస్. డీపెస్ట్ సింపతీస్. సో సారీ ఫర్ యువర్ లాస్. ఒకాయన తొందరలో ఏడ్చే బొమ్మ అనుకుని, పొట్ట పట్టుకుని కన్నీళ్లొచ్చేలా నవ్వే బొమ్మ పంపించాడు. నేను ఒక అక్షరం నొక్కితే చాలు, మిగతాది ఫోనే అందిస్తోంది. కండోలెన్సా, సింపతీనా, సారోనా అని మూడు మాటలు వరసగా పేర్చి, ఏది కావాలో వేలు పెట్టమంటోంది. మొదటి సందేశం వచ్చినప్పుడు ఆ మూడు మాటల్నీ చూస్తూ నేను ఆస్పత్రి గేటు దగ్గరే నిలబడిపోయాను. ఎందుకంటే ఆ ప్రశ్న నాకు కొత్త కాదు. ఫోను పుట్టకముందు, మా ఇంట్లో, సంగటి తినేటప్పుడు, అదే ప్రశ్న నాయన అడిగేవాడు.

నాయన కుందుర్పి హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేవాడు. స్కూలు వెనక సందులో మట్టిమిద్దె ఇల్లు మాది. సాయంత్రమయ్యేసరికి ఇల్లంతా రాగి సంగటి ఉడికే వాసన, రోట్లో నూరుతున్న చెనిక్కాయల, అంటే వేరుశనగల, ఊరుబిండి పచ్చడి వాసన, వాటి మధ్య నాయన చొక్కా నుంచి సుద్దముక్క వాసన. చేతులు కడుక్కున్నా ఆయన వేళ్ల సందుల్లో సుద్దపొడి పోయేది కాదు. తింటూ కూడా బొటనవేలితో చూపుడువేలిని రుద్దుకుంటూ ఉండేవాడు. ఒక్క నశ్యం అలవాటు ఉండేది. డబ్బీ మూత తీసే ముందు ప్రతిసారీ, "దీనికి మాత్రం హేతువు లేదప్పా," అని తనకు తనే చెప్పుకుని అప్పుడు పీల్చేవాడు. ప్రశ్నకు నిలవని పని ఏదీ చెయ్యకూడదన్నది ఆయన నియమం. నశ్యం విషయంలో నియమం తప్పుతున్నట్టు ఒప్పుకుని మరీ తప్పేవాడు. ఆదివారం పూట స్కూలు వరండాలో చర్చలు పెట్టేవాడు. దేవుడున్నాడా, జాతకాలు నిజమా, పెళ్లికి పురోహితుడు ఎందుకు. వచ్చేవాళ్లు తక్కువ, అరిచేవాళ్లు ఎక్కువ. నేనూ అక్కా ఆ వరండా మెట్ల మీద కూర్చునే పెరిగాం. నా నోటికి పదునొచ్చింది అక్కడే.

మా ఇంట్లో కొన్ని మాటలకు ప్రవేశం లేదు. ఖర్మ, తలరాత, గ్రహచారం, పుణ్యఫలం, దిష్టి, ఇవన్నీ చెప్పులతో పాటు గడప అవతలే వదిలి రావాలి. అయితే దీంతో ఒక చిక్కొచ్చింది. మా సీమలో ఒక మనిషిని మెచ్చుకోవాలంటే ముందు దేవుణ్ణి పిలవాలి. "దేవుడు మాదిరి వచ్చినావప్పా" అంటారు. జాలిపడాలంటే రాతను పిలవాలి. "దాని నొసట ఎట్ల రాసినాడో" అంటారు. ఈ మాటలన్నీ తీసేశాక ఇద్దరు ఆడపిల్లలు ఒకరిని మెచ్చుకునేది ఎట్లా, ఒకరికోసం బాధపడేది ఎట్లా? నాయన చాలా ఆలోచించి దీనికి ఇంగ్లీషు తెచ్చాడు. ఇంగ్లీషు మాటలు అప్పుడే కడిగి బోర్లించిన పళ్లేల్లాంటివనీ, వాటికి ఏ గుడి ఎంగిలీ అంటలేదనీ ఆయన నమ్మకం. ఆ పళ్లేలకు కూడా వాళ్ల చర్చీల, వాళ్ల రాజుల మెతుకులు అంటుకునే ఉన్నాయని నేను పెద్దయ్యాక తెలుసుకున్నాను. నాయనకు తెలిసి ఊరుకున్నాడో, తెలియనే తెలియదో. ఒక్క 'అడోర్' మీద మాత్రం ఆయనకు అనుమానం వచ్చింది. నిఘంటువు తెరిచి చూసి, "దీంట్లో పూజ ఉండాది, ఇది మనకొద్దు," అని తీసిపారేశాడు.

ఇక ప్రతి రాత్రీ తిండి దగ్గర ఒక ఆనవాయితీ. ఆ రోజు మనసుకు తగిలిన సంగతి ఒకటి చెప్పాలి. దానికి సరైన ఇంగ్లీషు మాట ఎంచాలి. "పదం కుదిరిందా?" అని అడిగేవాడు. కుదిరితే సంగటి మీద ఇంకొంచెం నెయ్యి. కుదరకపోతే మళ్లీ ఆలోచించాలి. ఒకసారి ఊళ్లోకి గడసాని వచ్చింది. కట్టిన తాడు మీద, తలమీద మూడు చెంబులు పెట్టుకుని నడిచింది. రాత్రి నేను 'ఐ లైక్ హర్' అన్నాను. "లైక్ అనేది ఊరుబిండికి. మనిషికి కాదు," అన్నాడు నాయన. "రెస్పెక్ట్," అన్నాను. "ఆమె వయసులో చిన్నదైనా రెస్పెక్ట్ ఇస్తావా? ఎందుకిస్తావు? చెప్పు." వాదన మొదలైంది. పనితనాన్ని చూసి కలిగేది అడ్మిరేషన్, నడవడిని చూసి కలిగేది రెస్పెక్ట్, నాకు అది రాలేదే అనిపిస్తే ఎన్వీ, నాకున్నది ఆమె లాక్కుంటుందేమో అనిపిస్తే జెలసీ. అక్క ఏడుపు మొహంతో, "నాకు నాలుగూ అనిపించినాయి నాయనా," అంది. పొయ్యి దగ్గర నుంచి అమ్మ నవ్వింది. "సంగటి సల్లారిపోతాంది. ముందు తినండప్పా. ఆ నాలుగూ యాడికీ పోవు, పొద్దున్నే ఏరుకుందురు."

ఒకసారి లేపాక్షికి తీసుకుపోయాడు. గుడికి కాదు, శిల్పం చూడటానికి, అని బస్సులోనే మాకు స్పష్టం చేశాడు. ఎర్రటి ఎండలో ఆ రాతి నంది ముందు నిలబెట్టి, "వండర్ అనేది ఇంత రాయిని చూస్తే వచ్చేది. అడ్మిరేషన్ అనేది దీన్ని చెక్కినోన్ని తలుచుకుంటే వచ్చేది. మీకు ఏదొచ్చింది?" అన్నాడు. మేమిద్దరం ఇంకా తేల్చుకోకముందే అమ్మ, చెప్పులు ఎక్కడో విడిచి వచ్చినావిడ, ఒక కాలి మీద ఒక కాలు పెట్టుకుంటూ, "నాకు అరికాళ్లు కాల్తాండాయి. దానికేం పదముండాదో చెప్పు, అది చెప్పుకుంటా నీడకు పోతా," అంది. నాయన పెద్దగా నవ్వాడు. ఆయన అట్లా నవ్వడం అరుదు. ఇప్పుడు తలుచుకుంటే ఒక సంగతి గుర్తొస్తుంది. పదం కుదిరిందా అని అమ్మను ఆయన ఎప్పుడూ అడగలేదు. మమ్మల్ని అడిగేవాడు, ఇంటికొచ్చిన స్నేహితుల్ని అడిగేవాడు. అమ్మ వడ్డించేది.

మా పక్కిల్లు ఎర్రమ్మది. గోడ ఒకటే, ఇటు మేము, అటు వాళ్లు. ఆమె మొగుడు సుంకన్న కూలికి బావులు లోతు తీసేవాడు. నీళ్లింకిపోయిన బావి ఇంకా లోతు తవ్వితే ఊట తగులుతుందని ఆశపడే ఏడు అది. ఒకరోజు బావి గట్టు విరిగి ఆయన మీద పడింది. మంచం మీద వేసుకుని తెచ్చి వాకిట్లో దించారు. నేనూ అక్కా మా గడపలో నిలబడి చూస్తున్నాం. ఎర్రమ్మ బయటికొచ్చింది. మోకాళ్ల మీద కూర్చుని ఆయన నుదుటి మీద మట్టి తుడిచింది. తర్వాత గొంతెత్తింది. మాటలు కట్టి, రాగం తీసి, ఊగుతూ.

"బాయి తవ్వను పోతివా నా దొరా, పొద్దింకా వాల్లేదే నా దొరా... సద్దిమూట ఇప్పలేదే నా దొరా, సంగటింకా ఆర్లేదే నా దొరా..."

అంతవరకే విన్నాం. వెనక నుంచి నాయన వచ్చి, మా ఇద్దరి తలల మీదా చేతులు వేసి లోపలికి తిప్పి, తలుపు వేశాడు. గడియ కూడా పెట్టాడు. రేడియో పెద్దగా పెట్టాడు. అందులో ఎవరో చెనిక్కాయ పైరుకు పట్టే ఎర్రగొంగళి పురుగు గురించి చెబుతున్నారు. నాయన ఆ రేడియో ముందు గోడకానుకుని కూర్చుని, బొటనవేలితో చూపుడువేలు రుద్దుకుంటూ, పురుగు గురించి శ్రద్ధగా విన్నాడు.

ఆయన రాతిమనిషి అనుకోకండి. ఆ తలుపు వెనక ఒక కారణం ఉంది. మా మేనత్త, నాయనకు అక్క, చిన్న వయసులోనే మొగుణ్ణి పోగొట్టుకుంది. వచ్చిన ఆడవాళ్లంతా ఆమెను మధ్యలో కూర్చోబెట్టి, గాజులు పగలగొట్టి, ఏడువు ఏడువు అని కుదిపారట. ఆమెకు ఏడుపు రాలేదు, బిగుసుకుపోయింది. మొగుడి మీద ప్రేమ లేదా నీకు అని తొడ మీద గిల్లారట. చివరికి ఏడ్చింది, ఏడ్చి సొమ్మసిల్లి పడిపోయింది. ఆ పూట నాయన కళ్లారా చూశాడు. దుఃఖం మనిషి సొంతం, దాన్ని నలుగురూ కలిసి పిండి చూపించమనడం అన్యాయం అని ఆయన వాదం. ఆ వాదాన్ని నేను ఎన్నో వేదికల మీద వాదించాను. ఇప్పుడు కూడా వాదిస్తాను. ఏడవని విధవను గిల్లే సమాజం సిగ్గుపడాల్సిందే. దాంట్లో నాకు రవ్వంత అనుమానం లేదు. నాయన వాదంలో నేను తప్పు పట్టలేకపోతున్నాను. కష్టమంతా అక్కడే ఉంది.

ఆ రాత్రి కూడా నాయన అడిగాడు, కొంచెం మెల్లగా. "ఎర్రమ్మను చూసినారు కదా. పదం కుదిరిందా?" అక్క 'సారో' అంది. నేను 'పిటీ' అన్నాను. "పిటీ అంటే మనం మెట్టు పైన నిలబడి కిందికి చూడటం. ఎర్రమ్మ మనకంటే కింద లేదు. సింపతీ అనాల," అన్నాడు. సింపతీ అంటే పక్కన నిలబడటం అని వివరించాడు. అప్పుడు అమ్మ గరిటె సంగటి కుండలోనే వదిలేసి లేచింది. తలుపు గడియ తీసుకుని పక్కింటికి పోయింది. మేం తినడం అయిపోయి, నాయన కంచాలు కడిగి బోర్లించిన తర్వాత ఎప్పుడో వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి. గొంతు పూర్తిగా పోయింది, మాట్లాడితే గాలి వస్తోంది. నాయన ఆమె వైపు చూశాడు, ఏమీ అడగలేదు.  ఆమె పొయ్యిలో నిప్పు ఆర్పేసి పడుకుంది.

తర్వాత మా సందులో ఎన్ని చావులు జరిగినా అంతే. ఎవరో గొంతెత్తుతారు, ఒకటో రెండో ముక్కలు మా చెవిన పడతాయి, తలుపు పడుతుంది. శోకం ఎట్లా మొదలవుతుందో మాకు బాగా తెలుసు. అది ఎటు తిరుగుతుందో, ఎక్కడ కోపమవుతుందో, ఎవరు పట్టుకుంటే ఆగుతుందో మాకు తెలియదు.

కానీ నాయన, పక్కన నిలబడటం అన్నదాన్ని మాటల్లోనే వదిలేయలేదు. ఎర్రమ్మ కొడుకు చదువు ఆయనే చూశాడు. సందులో ఎవరికి జ్వరమొచ్చినా సైకిలెక్కించుకుని ఆస్పత్రికి తీసుకుపోయింది ఆయనే. ఊరు ఆయన చెప్పింది ఒక్కటీ వినలేదు. జాతరకు పొట్టేళ్లు కొట్టడం మానలేదు, కొబ్బరికాయతో నీళ్లు చూడటం మానలేదు. ఆయన్ను మాత్రం ప్రేమించింది. ఒకరోజు సందులో ఆడవాళ్లందరితో, "మీ ఇండ్లలో మీ ఇష్టం తల్లీ. మా ఇంట్లో ఎవురికేమైనా ఎవురూ శోకాలు పెట్టొద్దండి. ఇదొక్కటి నాకోసరం," అన్నాడట. అక్క పెళ్లి ఓబులేసుతో ఆయనే వేదిక మీద దండలు మార్పించి చేశాడు. కులం వేరు, మంత్రాలు లేవు, దాంట్లో ఆయనకు ఇబ్బంది లేదు. అల్లుడి పేరులోనే దేవుడుండటంతో మాత్రం ఇబ్బందిపడి, చివరిదాకా "మెకానిక్కు గారూ" అనే పిలిచాడు. బావ కూడా నవ్వుతూ, "చెప్పండి సార్, ఏం కాలిపోయింది?" అని పలికేవాడు.

నాయన పోయాడు, అమ్మ పోయింది. ఇద్దరికీ సభలే పెట్టాం, నేనే మాట్లాడాను. ఆ ఇంట్లోనే అక్కా బావా ఉండిపోయారు. వాళ్లకు పిల్లలు లేరు. బావను తెచ్చి దించింది కూడా ఆ వాకిట్లోనే.

ఆ రోజు వాకిలి నిండా ఆడవాళ్లు. ఒక్క గొంతు లేవలేదు. అందరూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తల వంచుకుని కూర్చున్నారు. ఎవరూ అక్క గాజుల జోలికి రాలేదు, బొట్టు జోలికి రాలేదు. నేను గుంజకానుకుని నిలబడి ఆ నిశ్శబ్దాన్ని చూశాను. నిజం చెప్పాలంటే, ఆ దుఃఖంలో కూడా నా వెన్ను నిటారుగా అయింది. ఈ ఎండిన గడ్డ మీద, ఈ మారుమూల, నాయన గెలిచాడనుకున్నాను. సభలో ఆ మాటే చెప్పాను. ఈ ఊరి మహిళలు చూపిన సంయమనం, విజ్ఞత, అన్నాను. బావ నిరాడంబరుడన్నాను, శ్రమజీవి అన్నాను, ఆదర్శ వివాహానికి నిలువెత్తు నిదర్శనమన్నాను. ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని అక్క వింది. పూర్తయ్యాక వచ్చి ఎవరి గురించి అని అడిగింది.

మరుసటి రోజు పొద్దున్నే ఎర్రమ్మ కోడలు లక్ష్మక్క విత్తనం చెనిక్కాయల మూట నెత్తిన పెట్టుకుని మా వాకిట్లోకి వచ్చింది. వాళ్లింట్లో వలవడానికి చోటు లేక కాదు. అక్క ఒక్కతే కూర్చుని ఉంటుందని. ఎర్రమ్మ పోయి చాలా కాలమైంది. లక్ష్మక్క తలే ఇప్పుడు నెరిసింది. కాయలు రాశి పోసి, నీళ్లు చిలకరించి, ముగ్గురం చుట్టూ కూర్చుని వలుస్తున్నాం. ఆకాశంలో మబ్బు వచ్చి పోతోంది. వానొస్తే విత్తాలి కాబట్టి కాయలు వలవడం ఆగదు, ఎవరు పోయినా.

అక్క తలెత్తకుండానే అడిగింది. "లచ్చుమీ, ఆ పొద్దు ఎవురూ ఏడ్వలేదు ఎందుకే?"

లక్ష్మక్క చేతిలో కాయ చిట్లింది. "యాడ ఏడుస్తామక్కా? సారు ఇల్లు కదా ఇది. మా అత్త పోయేముందు కూడా చెప్పె. సారు మనకు అంత చేసినాడు, ఆ ఇంట్లో మాత్రం ఎవురూ గొంతెత్తొద్దని. సందులో అందరం అనుకునే వచ్చినాం. కొంగు నోట్లో కుక్కుకోని కూసున్యాం. నాకైతే దినమంతా గొంతు నొప్పి. ఓబులేసన్న మా మోటరు ఎన్నితూర్లు ఎత్తినాడో నాకు తెలీదా? ఇంటికిపోయి పశువుల గాటిపాట్లో గోడకు తల పెట్టుకోని ఏడ్చినా. ఈడ మాత్రం సారు మాట దాటలే." ఆ చివరి మాట ఆమె గర్వంగా అంది. ఒక పెద్ద బాకీ చెల్లించినట్టు.

"నేను ఎదురు చూస్తాంటి," అంది అక్క.

"ఏందక్కా?"

"ఎవురన్నా ఒకరు మొదలుపెడతారని. ఒక్కరన్నా వచ్చి నా మెడమీద పడి ఆయప్పను పిలుస్తారని. అందరూ మీటింగుకొచ్చినట్ల కూసునిరి."

 ఊరు నాయన మాట విన్నది ఒక్కటే ఒక్కటి. దాన్ని నేను విజ్ఞత అని మైకులో పొగిడాను. "లక్ష్మక్కా," అన్నాను, "ఇప్పుడు ఏడ్వండి. నేను చెప్తాండా కదా. నాయన కూతుర్ని నేనే చెప్తాండా. ఆడవాళ్లను పిలువు."

లక్ష్మక్క నా వైపు జాలిగా చూసింది. "ఎట్లమ్మా? పీనుగ యాడుండాది? ఎవుర్ని చూసి ఏడ్సేది? ఆ పొద్దు ముందర ఉంటే దానంతట అదే వస్తాది. ఇప్పుడు మీరు చెప్పినారని గొంతెత్తితే అది నాటకమైతాది తల్లీ. ఓబులేసన్నకు మర్యాద కాదు."   ఏడుపు పిండి తీయకూడదని కదా నాయన కూడా అన్నది. గొర్రెలకు నీళ్లు పెట్టాలని లక్ష్మక్క లేచి పోయింది. పోతూ పోతూ అక్క తలమీద చెయ్యి పెట్టి తీసింది.

ఇద్దరమే మిగిలాం.  అప్పుడు అక్క చిన్నగా నవ్వింది. "నాయన ఉంటే అడిగేవాడు కదా. పదం కుదిరిందా అని."

"ఊఁ."

"నేను ఎంచి చూసుకున్నా. గ్రీఫ్ అనుకుంటి, అది ఎవురిదో మాదిరి ఉండాది. సారో అంటే పరీక్షలో రాసినట్లుండాది. రెస్పెక్టా అంటే, ఆయప్ప మీద నాకు రెస్పెక్టు యాడిదే? పండ్లు తోముకోకుండా టీ తాగేవాడు. గ్రీజు చేత్తోనే చెంబు ముట్టుకునేవాడు. చెప్పీ చెప్పీ నా నోరు పాయె." కాయ వలవడం ఆపింది. "మోటరు చుట్టేటప్పుడు రాగి తీగె కొన పండ్ల మధ్య పెట్టుకోని, ఒక కన్ను మూసుకుంటాడు చూడు. అప్పుడు నేను కొట్లోకి పోతే, తీగె తియ్యకుండానే నవ్వేవాడు. అది చూసేదానికే పోతాంటి నేను, టీ ఇచ్చే నెపంతో. పెండ్లయి ఇన్నేండ్లకూ. దానికేం పదమే? అడ్మిరేషనా?"

"తెలీదక్కా," అన్నాను.

"నీకేం కుదిరింది? నువ్వు చెప్పు. ఆయప్ప నిన్నెప్పుడూ విమలమ్మా విమలమ్మా అంటాండె. ఆయప్ప గురించి నాకొక మాట చెప్పవే. సభలో చెప్పింది కాదు."

చెప్పాలని నోరు తెరిచాను. బావ గురించి నాకు చాలా తెలుసు. నేను అనంతపురం నుంచి బస్సు దిగితే, కొట్టు షట్టరు సగం దించి, నా సంచీ తన బండి ముందు పెట్టుకుని, "ఈ తూరి ఎవురితో కొట్లాడొచ్చినావు విమలమ్మా?" అనేవాడు. అది చెప్పొచ్చు. కానీ నోటిదాకా వచ్చేసరికి అది 'ఆప్యాయత' అయిపోతోంది, 'నిష్కల్మషం' అయిపోతోంది. వేదిక మీద మాటలు వరస కట్టి వస్తున్నాయి, వాటి వెనకాల ఇంగ్లీషు మాటలు, వాటి వెనకాల ఏమీ లేదు. ఖర్మ అందామా, రాత అందామా, దేవుడు మాదిరి మనిషి అందామా? నేను నమ్మని మాటలు అక్క ముందు అనలేను. అక్క కూడా నమ్మదు, నా మొహం చూసి కనిపెట్టేస్తుంది.   అక్క నా వేళ్ల వైపు చూసింది. నేను బొటనవేలితో చూపుడువేలు రుద్దుకుంటున్నాను.

ఈ కాలం పిల్లలకు ఈ బాధ లేదు. ఇడ్లీ తిన్నా ఆసమ్, మనిషి పోయినా ఒక ఎర్ర గుండె బొమ్మ. ఎంచడం లేదు, కుదరడం లేదు. నాయన బతికుంటే మండిపడేవాడు, నేనూ మండిపడుతూ ఒక వ్యాసం రాసేదాన్ని. ఆ వాకిట్లో కూర్చుని మాత్రం నాకు ఆ వ్యాసం మీద ఆశ పోయింది. వాళ్లు ఎంచకుండా వేలు పెడుతున్నారు. మేము జీవితమంతా ఎంచి ఎంచి, ఏ మాటా ముట్టుకోలేక ఒట్టి చేతులతో కూర్చున్నాం. ఎవరిది మేలని నన్నడిగితే నేను చెప్పలేను.

అక్క ఒడిలోని పొట్టు దులుపుకుంది. గోడ అవతల ఎర్రమ్మ వాళ్ల వాకిలి వైపు చూస్తూ, చాలా మెల్లగా, మాట్లాడుతున్నట్టే మొదలుపెట్టింది. రాగం సరిగ్గా రావడం లేదు. సిగ్గుపడుతున్నట్టు మధ్యలో గొంతు తగ్గిస్తోంది.

"మోటరెత్తను పోతివా నా దొరా... పొద్దింకా వాల్లేదే నా దొరా... సద్దిమూట ఇప్పలేదే నా దొరా... బండి బీగాలు ఈడ్నే ఉండాయే నా దొరా..."

ఆగిపోయింది. నేను ఎదురుచూశాను. ఆమె కూడా ఎదురుచూసింది. తర్వాత నా వైపు తిరిగి, చిన్నప్పుడు తిండి దగ్గర పదం కుదరక నా మొహంలోకి చూసినట్టే చూసి, "ఆ తర్వాత ఏమంటాదే ఎర్రమ్మ?" అంది.

"తెలీదక్కా," అన్నాను. "నాయన అక్కడ తలుపేసినాడు."

అవును కదా అన్నట్టు తలూపింది. వాకిట్లోని నందివర్ధనం చెట్టు మీద ఎండ చూసింది. నేను దగ్గరికి జరిగాను. ఎక్కడ చెయ్యి వెయ్యాలో తెలియక ఆమె మోకాలి మీద వేశాను. ఆమె ఊపిరి తీసుకుని, తెలిసిన ఆ నాలుగు ముక్కలే మళ్లీ మొదటి నుంచి అంది.